ఊకొట్టని వార్త

నిజామాబాదు జిల్లాలో, శ్రీరామసాగరపు వెనుకజలములకు దాపున నున్న నందిపేట్ ప్రాంతమున పసుపు వేయు కాపునకు, మృగశిర కార్తెలో విత్తనపు కొమ్ము బోదెలలో నాటినది మొదలు, మాఘ ఫాల్గుణములలో దుంప త్రవ్వి, ఉడికించి, కల్లమున నెండబోసి, నిజామాబాదు మార్కెట్ యార్డునకు బస్తాలెత్తు వరకు, చేని తడి మీదనే దృష్టి నిలిచియుండును. ఏలయన నీరు చాలనిచో దుంప ఊరదు, నీరు నిలిచినచో దుంపకుళ్ళు ప్రాకి తొమ్మిది నెలల కష్టమును మంటిలోనే మాపివేయును. ఈ తడిని ఇంట కూర్చుండి తెలిసికొనవచ్చునని ఒక మేనల్లుడును, అట్టి తెలివి చౌకగా రాదని అతని మేనమామయు, ఒక ఫాల్గుణ సాయంకాలమున కల్లములోని పసుపును కుప్పచేయుచు వాదించుకొనిరి. అల్లుడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివినవాడు. మామ తొలుత రేడియోలు బాగుచేసి, పిదప నందిపేట్ బజారులో మోటార్లకు వైండింగు కట్టి, ఇప్పుడు రెండెకరముల పసుపు చూచుకొనుచున్నవాడు. వారి పలుకులోని యాసను నేను గ్రంథమునకు తగునట్లు దిద్దితిని గాని వాదములను దిద్దలేదు. మామ పక్షమునకు నా మనస్సు కొంచెము మొగ్గునని మాత్రము ముందే చెప్పుచున్నాను.

అల్లుడు: మామా, చేనిలో తడి కొలుచు కడ్డీ యొకటి, దానికి ఆర్డుయినో వంటి చిన్న మైక్రోకంట్రోలరు, దానికి నూరు రూపాయలకు లోపుగా దొరకు రేడియో జోడు, ఇంతియే సామగ్రి. చేనికిని ఇంటికిని నడుమ కిలోమీటరు పొడవున తీగ లాగ నక్కరలేదు. లాగినను ఆ తీగను ఎలుక కొరుకును, ట్రాక్టరు నాగలి తెంపును, అవి రెండును విడిచినచో రాగికై దొంగ కోసికొనిపోవును.

మామ: తీగకు వచ్చు రోగములన్నియు కంటికి కనబడునవి, అల్లుడా. తెగిన తీగను చేతితో తడిమి పట్టుకొనవచ్చును. నీ నూరు రూపాయల వస్తువు సంగతి వేరు. నీవు తెచ్చిన ఆ 433 మెగాహెర్ట్జుల రిసీవరును నేను బల్లమీద నుంచి, దాని డేటా కాలికి ఒక ఎల్‌ఈడీ తగిలించి చూచితిని. ట్రాన్స్‌మిటరు ప్రక్కగదిలో బ్యాటరీ లేక పడియున్నది. ఐనను దీపము మినుకుమినుకుమనుచునే యుండెను. పంపువాడు లేకయే వార్తలు వినిపించు యంత్రమునకు బోరు మోటారు నప్పగింతువా?

అల్లుడు: అది దాని స్వభావము, దోషము కాదు. ఆ చౌక రిసీవరు వినబడు సంకేతము బలహీనమైన కొలది తన వినికిడిని తానే పెంచుకొనును. సంకేతమే లేనప్పుడు పెంచి పెంచి తుదకు ఆకాశములోని రొదనే ఎత్తుకొనును. నీవు చూచిన మినుకు ఆ రొదయే. దీనికి మందు యంత్రములో లేదు, పలుకు పద్ధతిలో నున్నది. అసలు వార్తకు ముందు ఒకట్లును సున్నలును మార్చి మార్చి కొంతసేపు పంపవలెను. ఆ వ్యవధిలో రిసీవరు కుదుటపడును. పిమ్మట ఇది ఆరంభమని తెలుపు నొక గురుతు. ఆపై వార్తను ఉన్నదున్నట్లు పంపరాదు. వరుసగా సున్నలు పడినచో వినికిడి మరల పెరిగి రొద జొరబడును. మైక్ మెక్‌కాలీ యను నాతడు వర్చువల్‌వైర్ అను సాఫ్ట్‌వేరు లైబ్రరీని వ్రాసి ఈ జోడులకు ప్రాణము పోసెను. అందులో ప్రతి నాలుగు బిట్లును ఆరు బిట్లుగా మారును. ఆ యారింటిలో మూడు ఒకట్లు, మూడు సున్నలు తప్పక యుండును. తుదిని పదునారు బిట్ల సరిచూపు. రొద తనంత తాను వార్తవేషము వేసికొని ఆ సరిచూపును దాటుట 65,536 సారులలో ఒకసారి.

మామ: మంచిది. అబద్ధపు వార్త లోనికి రాదని చూపితివి. నిజమైన వార్త వచ్చితీరునని చూపలేదు. జగదీశచంద్ర బోసుగారు 1895లో కలకత్తాలో తీగలేని తరంగముతో గోడల కావల గంట మ్రోగించినప్పుడు, అందరును వినిరి. గంట మ్రోగుటయే వార్త చేరినదనుటకు సాక్ష్యము. నీ చేనిలో మ్రోగు గంటను వినువాడెవడు? కథ చెప్పువానికి ఎదుటివాడు ఊకొట్టవలెను. ఊ వినబడనిచో నిద్రపోయెనో, లేచిపోయెనో తెలియదు. నీ ట్రాన్స్‌మిటరునకు చెవి లేదు, నీ రిసీవరునకు నోరు లేదు.

అల్లుడు: ఊ లేకున్నను ఉపాయము కలదు. ప్రతి వార్తను మూడు సారులు పంపుదును. నాల్గింట నొకటి దారిలో పోవునని యనుకొనుము. మూడును పోవుట అరువది నాల్గింట నొకటియే కదా.

మామ: ఆ లెక్క పాచికలకు చెల్లును. నీ మూడు సారులును ఒక సెకనులో ముగియుచున్నవి. ప్రక్కచేనిలో నీవంటివాడే మరియొకడు ఇదే పౌనఃపున్యమున ఏదో యంత్రమును నిరంతరము పలికించుచుండినచో, మొదటిదానిని మ్రింగిన కారణమే రెండవదానిని, మూడవదానిని కూడ మ్రింగును. పెద్దవాన పట్టి ఆకులన్నియు నీరు కారుచున్న రాత్రి యంతయు నొక్కటే దుర్దశ. నష్టములు విడివిడిగా రావు, గుంపుగా వచ్చును. ఆ పైన నీవే రెండు చేలలో రెండు కేంద్రములు పెట్టి, రెండింటికిని పదునైదు నిమిషముల గడియారమే కట్టితివనుకొనుము. అవి ఒకనాడు ఒకే క్షణమున పలుకనారంభించినచో, దినముల తరబడి ఒకదాని నోరు మరొకటి నొక్కుచునే యుండును.

అల్లుడు: దానికి ఏబది యేండ్లకు పూర్వమే దారి కనుగొనిరి. హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ మొదలైనవారు 1971లో, ద్వీపమునకును ద్వీపమునకును తీగ లేక, అలోహా యను రేడియో జాలమును నడిపిరి. ఎవరికి పలుకవలెననిపించిన వారు పలుకుట; ఊ రానిచో వెంటనే మరల అరవక, ఎవరికి వారు తోచినంత సేపు ఆగి మరల పంపుట. ఆగు కాలము అందరికి నొకటే కాకుండుటలో నున్నది కీలకము. ఇట్టి స్వేచ్ఛలో ఆకాశమునందలి కాలములో నూటికి పదునెనిమిది వంతులకు మించి పనికిరాదని లెక్క తేలినది గాని, మన కేంద్రములు పది యున్నను వాడునది దానిలో స్వల్పభాగమే. నేను కూడ పదునైదు నిమిషములకు అటునిటు కొంత మార్చి మార్చి పంపుదును. మూడు ప్రతులను ఒక్క సెకనులో కుక్కక నిమిషముల యెడముతో పంపుదును.

మామ: నీవు చెప్పినవాడు ఊ విన్నవాడు, అల్లుడా! ఆ మాటను జారవిడిచి ఆగుటను మాత్రము పట్టుకొంటివి. మరియొకటి వినుము. మన దేశమున 433 మొదలు 434 మెగాహెర్ట్జుల వరకు లైసెన్సు లేకుండ వాడనిచ్చినది పది మిల్లీవాట్లకు, అదియు ఇంటిలోపలి పనులకు. పసుపుచేను ఇల్లు కాదు.

(ఈ యొక్క మాటతో అల్లుడు కొంత తడబడెను. బజారులో అమ్మబడు వస్తువు వాడుకకు అనుమతింపబడినదియే యని మనమందరము తలంతుము. దుకాణదారుడు పెట్టెమీద రాయని సంగతి ప్రభుత్వపు గెజిటులో నుండును.)

అల్లుడు: సరి, ఆ జోడును వదలితిని. 2.4 గిగాహెర్ట్జుల పట్టీ 2005 నుండి అందరికిని తెరచియున్నది. అందులో పలుకు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్‌01 ప్లస్ అను చిప్పు నీవు కోరిన ఊను తానే కొట్టును. వార్త ముప్పదిరెండు బైట్ల వరకు. చేరినచో అవతలి చిప్పు క్షణములో ఊ యనును. అనకున్నచో ఇవతలిది పదునైదు సారుల వరకు తనంత తానే మరల పంపును. అప్పటికిని రానిచో చేరలేదని మైక్రోకంట్రోలరునకు నిజము చెప్పును. వెలయు స్వల్పమే.

మామ: దానిని నీ బల్లమీదనే చూచితిని. గదిలో పాడినది వాకిట మూగవోయెను.

అల్లుడు: అది రేడియో తప్పు కాదు, తిండి తప్పు. పెద్ద యాంటెన్నాయు శక్తివర్ధకమును గల రకమును తెచ్చితిని. అది పలుకునప్పుడు నూరు మిల్లీయాంపులకు పైన లాగును. ఆర్డుయినో ఊనో పలకమీది 3.3 వోల్టుల కాలు ఇయ్యగలిగినది ఏబది. పలుకబోయిన క్షణమున వోల్టేజి కూలి, చిప్పు తెలివితప్పును. వేరుగా నొక రెగ్యులేటరు పెట్టి, మాడ్యూలు వెనుక వోల్టు కాలికిని భూమి కాలికిని నడుమ, తీగ పొడవు లేకుండ, కాళ్ళకే యంటించి యొక కెపాసిటరు టంకము వేసితిని. అంతట కుదిరినది. ఈ రేడియోలను నిందించువారిలో అనేకులు ఆ కెపాసిటరును పెట్టనివారే.

మామ: తిండి సంగతి నాకు చెప్పవలెనా! లో వోల్టేజికి కాలిన మోటార్లను లెక్కలేనన్ని విప్పితిని. కాని నీ తరంగము పొడవెంత? పండ్రెండున్నర సెంటీమీటర్లు. భాద్రపదమున పసుపు ఆకు నడుమెత్తు పెరిగి, ఒకదానిపై నొకటి కప్పుకొని, తెల్లవారుజామున మంచుతో తడిసియుండును. అంత పొట్టి తరంగమునకు తడి ఆకు పెద్ద గండము. ఫాల్గుణమున బోసిచేనిలో పరీక్షించి మురిసినవాడు భాద్రపదమున మోసపోవును.

అల్లుడు: అందుకే లోరా దగ్గరకు వచ్చుచున్నాను. దీనిని ఫ్రాన్సులో సైక్లియో అను చిన్న సంస్థ రూపొందించగా, 2012లో అమెరికాకు చెందిన సెమ్‌టెక్ కొనెను. మనకు 865 మొదలు 867 మెగాహెర్ట్జుల పట్టీ 2005 నుండి లైసెన్సు లేకయే లభించుచుండ, 2021లో దానిని 868 వరకు పెంచిరి. ప్రసారశక్తి ఒక వాటు వరకు, వెడల్పు 200 కిలోహెర్ట్జుల వరకు. లోరా మామూలుగా వాడునది 125. ఆరుబయట నిషేధము లేదు. వెల నాలుగైదు వందలగును. ఇదివరకటి నూరుతో పోల్చిన హెచ్చే. కొనునప్పుడు మాత్రము కన్ను తెరచియుండవలెను: ఎస్‌ఎక్స్1278 అనునది 433 వద్ద పనిచేయు జాతి, ఎస్‌ఎక్స్1276 మన పట్టీని అందుకొనునది, రెండును చూపునకు కవలలు.

మామ: దానిలోని విశేషమేమి? అదియు రేడియోయే కదా.

అల్లుడు: ఒకటి యనియు సున్న యనియు దీపమార్పి వెలిగించునట్లు కాక, పట్టీలో క్రిందినుండి మీదికి జారు నొక దీర్ఘస్వరముగా ప్రతి యక్షరమును పలుకును, ఆ జారుడు ఎచ్చట మొదలైనదో అదియే అక్షరము. ఆ రూపమును ముందే యెరిగిన రిసీవరు, సెకనులో ఇంత భాగముపాటు వచ్చిన శక్తినంతయు కూడదీసి పోల్చుకొనును. అతి నిదానమైన పలుకులో, రొదయొక్క బలములో నూరవవంతు మాత్రమే యున్న స్వరమును గూడ పట్టగలదు. మన తడి ఆకులకు ఇది చాలును.

మామ: నిదానమునకు కూలి యెవరిత్తురు?

అల్లుడు: అది సరియైన ప్రశ్న. ఇరువది బైట్ల వార్తను మిక్కిలి వేగముగా, అనగా లోరా నిదానపు మెట్లలో ఏడవ మెట్టున పలికినచో సుమారు 57 మిల్లీసెకన్లు. పండ్రెండవ మెట్టున పలికినచో 1.3 సెకను. ఇరువది మూడు రెట్లు కాలము, అన్ని రెట్లు బ్యాటరీ ఖర్చు, అన్ని రెట్లు ఇతరులతో ఢీకొను నవకాశము. అందుచేత మెట్టు పెంచుటకు ముందు యాంటెన్నా నిలుపు గుంజ ఎత్తు పెంచవలెను. రెండు యాంటెన్నాల నడుమ తరంగమునకు గీత యంత దారి చాలదు. నడుమ ఉబ్బిన ప్రదేశమంతయు దానికి కావలెను. కిలోమీటరు దూరమున, 866 మెగాహెర్ట్జుల వద్ద, ఆ ఉబ్బు మధ్యరేఖనుండి తొమ్మిది మీటర్లకు పైన వ్యాపించును. అందులో పదింట ఆరు వంతులైనను అడ్డు లేకుండవలెను. అనగా ఐదున్నర మీటర్లు. దాని క్రింద పసుపు ఎత్తొక మీటరు. ఇంటి డాబామీద నొకటి, చేనిలో టేకు గుంజమీద నొకటి, నేలకు ఆరేడు మీటర్ల ఎత్తున నిలిపినచో ఏడవ యెనిమిదవ మెట్లతోనే పని గడచును. యాంటెన్నా యనగా ఎనిమిదిన్నర సెంటీమీటర్ల తీగ ముక్క. దానికి డబ్బు లేదు, ఎత్తునకే శ్రమ.

మామ: ఇంత శ్రమ యెందుకు? సిమ్ము వేసిన స్టార్టరు బజారులో దొరకుచున్నది. ఫోను చేసిన మోటారు తిరుగును.

అల్లుడు: కేంద్రమున కొక సిమ్ము, సిమ్మున కొక రీచార్జి. ఇంటి దగ్గర ఒక్క సిమ్ముండి, చేలన్నిటినుండి గాలిలో వార్తలు దానికి చేరుట చౌక. పైగా నీవడిగిన ప్రశ్నయే నీ స్టార్టరును అడుగుచున్నాను: ఫోను మ్రోగినది, మోటారు తిరిగినదా?

మామ: తిరిగినదని అది మరల పలుకును, ఆ పలుకే పోయినచో నాకు తెలియదు, ఒప్పుకొంటిని. ఇప్పుడు అసలు చిక్కునకు వచ్చితిమి. నేను ‘ఆపు’ అంటిని. ఊ రాలేదు. నా మాట చేరలేదో, చేరి మోటారు ఆగి దాని ఊ దారిలో పోయెనో, ఏ ఎత్తు గుంజయైనను చెప్పగలదా?

అల్లుడు: చెప్పలేదు. దీనిని ఇద్దరు సేనానుల చిక్కు అని శాస్త్రములో పిలుతురు: మాటలు పోవు దారిలో ఎన్ని ఊలకు ఎన్ని ఊలు కొట్టినను, తుది ఊ చేరినదో లేదో యను సందేహము తీరదని నిరూపించిరి. కాబట్టి తెలియకపోవుట హాని చేయని విధముగా ఆజ్ఞను కూర్చవలెను. ‘మార్చు’ అను ఆజ్ఞ పనికిరాదు. ఊ పోయి రెండవసారి పంపినచో ఆగిన మోటారు మరల తిరుగును. ‘ఆగియుండుము’ అనిన పదిసారులు చేరినను ఆగియే యుండును. ప్రతి యాజ్ఞకు క్రమసంఖ్య వేసి, పాత సంఖ్యను త్రోసివేయవలెను. ఎవడైనను నిన్నటి మన మాటను పట్టి నేడు మరల పలికించినను చెల్లదు. ఇక ‘తిరుగుము’ అను మాటకు గడువు: ఇరువది నిమిషములు. ఆ లోపల మరల అనుమతి రానిచో మోటారు తానే ఆగవలెను.

మామ: ఇది ఆటో స్టార్టరునకు తలక్రిందులు. రాత్రి ఏ జామున కరెంటు వచ్చునో తెలియని దినములలో చేనిచేనికి ఆటో స్టార్టర్లు పెట్టితిమి. ఎవరును చెప్పకయే మోటారు తిరుగును, ఎవరును చెప్పకయే నీరు పొంగి పొరలును. 2018 జనవరి 1 నుండి ఇరువది నాలుగు గంటల కరెంటు ఇచ్చుచు, భూగర్భజలము తరిగిపోవునని వాటిని తీసివేయుడని ప్రభుత్వము వారు చెప్పవలసివచ్చెను. నీ గడువు నాకు నచ్చినది. కాని ఆగుట యెప్పుడును క్షేమమే యనుకొనకుము. వానలు మొగము చాటువేసిన వారమున నీ రేడియో మూగవోయి, మోటారు ఇరువది నిమిషముల కొకసారి ఆగుచుండినచో, దుంప యెండును.

అల్లుడు: రెండు దినములు తడి తగ్గినచో పసుపు వాడును, చావదు. బోరు ఎండి, నీరు లేక మోటారు తిరిగినచో ఏమగును?

మామ: (నవ్వుచు) వైండింగు కాలును. అట్టివే నా దుకాణమును ఇరువదియేండ్లు పోషించినవి. సరే, గడువుండనిమ్ము. కాని నీ యింటి పెట్టెమీది అంకె సంగతి చెప్పుము. మొన్న చేనిలోని బ్యాటరీ ఊడదీసినను, నీ తెరమీద తడి నలువది యని సాయంకాలము వరకు చూపుచుండెను. నిలిచిపోయిన అంకెకంటె ఖాళీ తెర వేయిరెట్లు మేలు.

అల్లుడు: మూడు వార్తలు వరుసగా రానిచో అంకె చెరపి ‘వార్త లేదు’ అని చూపించెదను, ఎంతసేపటినుండి లేదో దాని క్రింద.

మామ: అది అన్నిటికంటె ముందు చేయవలసినది. ఇప్పుడు నా తుది యాక్షేపణ. తడి కడ్డీ చేనిలో నున్నది, మోటారును చేనిలోనే యున్నది. తడి వార్త కిలోమీటరు పోయి, నీ పెట్టెలో ఆలోచన పుట్టి, ఆజ్ఞ మరల కిలోమీటరు వచ్చుట యేల? కడ్డీనుండి స్టార్టరు డబ్బాకు పది గజముల తీగ చాలును. ఆలోచన చేనిలోనే ఉండనిమ్ము. గాలిలో పోవునది వార్త మాత్రమే. వార్త తప్పినచో నాకు చింత కలుగును. ఆజ్ఞ తప్పినచో చేను చెడును.

అల్లుడు: మెచ్చితిని మామా, సగము. రేపు వాన యని నీకు తెలియును, కడ్డీకి తెలియదు. రేపు త్రవ్వకమునకు కూలీలు వత్తురని, నేల ఆరవలెనని కడ్డీకి తెలియదు. ‘ఈ రెండు దినములు వద్దు’ అని చెప్పుట కైనను ఆజ్ఞ గాలిలో పోవలెను.

మామ: ‘వద్దు’ అనునది మాత్రము పోనిమ్ము. ‘తిరుగుము’ అనునది తీగయే చెప్పవలెను. ఆ తీగ నేను వేసెదను, గుంజ నీవు పాతుము. ఐనను శ్రావణము గడచువరకు నీ రేడియో స్టార్టరును ముట్టరాదు. వార్తలకు క్రమసంఖ్యలుండునంటివి గదా, ఏ సంఖ్యలు తప్పినవో పుస్తకమున వ్రాయుచుండుము.

అల్లుడు: శ్రావణాంతమునకు నూటికి రెండే తప్పినచో?

మామ: ఏ రెండు తప్పినవో చూతము. అవి నెల పొడుగున నక్కడొకటి ఇక్కడొకటి చెదరియున్నచో నీ మాట గెలిచినట్లే. అన్నియు నొకే పెద్దవాన రాత్రి, బోదెల నడుమ నీరు నిలిచిన వేళనే తప్పియున్నచో, తక్కిన తొంబదియెనిమిదియు నాకెందుకు? ఆ రాత్రి వార్తకే కదా ఇంత ఖర్చు.

అల్లుడు: ఐనచో గుంజను ఇప్పుడే ఇంకొక గజము పొడవు కోయించెదను.